బొంబాయి సర్వర్లు: అప్‌డేట్ల తొలినాళ్ళు

1982 సమ్మె తరువాత దాదర్, పరేల్, వర్లీ ప్రాంతాల బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా చితికిపోయి, వాటినే నమ్ముకున్న తెలుగు పద్మశాలీలు వేరే బతుకుతెరువు వెతుక్కుంటున్న కాలంలోనే, అదే నగరంలోని జుహూలో ఎన్‌సీఎస్‌టీగా పేరుపడిన జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రం, విద్యా పరిశోధనా సంస్థల కంప్యూటర్లను కలిపే ఎర్నెట్ పథకంలో 1986 నుంచి ముఖ్య భాగస్వామిగా పనిచేసింది. 1989లో అక్కడి నుంచి అమెరికాకు ఏర్పడిన లీజు లైను వేగం సెకనుకు 9,600 బిట్లు మాత్రమే. ఆ లెక్కన ఒక మెగాబైటుకు దాదాపు 14 నిమిషాలు, వంద మెగాబైట్లకు సుమారు ఒక రోజు పడుతుంది కనుక, సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం తప్పనిసరైతేనే తలపెట్టే పని.

సోర్సు కోడ్ తెచ్చుకుని, ఆ యంత్రానికి తగినట్టు సవరించి, కంపైల్ చేసుకోవడం నాటి యూనిక్స్ నిర్వాహకుల ఆనవాయితీ. ఏ ప్రోగ్రాము ఏ లైబ్రరీ మీద, అంటే పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ మీద, ఆధారపడుతుందో తెలిపే డిపెండెన్సీల లెక్క వారి జ్ఞాపకంలోనో నోటుపుస్తకంలోనో ఉండేది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్ అనే లినక్స్ పంపిణీ, ఆ లెక్కను ప్యాకేజీలోనే, అంటే ప్రోగ్రాము అందే కట్టలోనే, రాసిపెట్టే పద్ధతి తెచ్చింది. 1999 మార్చి నాటి డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ అనే సాధనం, కావలసినవన్నీ తానే వెతికి వరుస తప్పకుండా అమర్చసాగింది.

సొంత మార్పులున్న సర్వర్‌కు చిక్కు ఇక్కడే మొదలైంది. అచ్చులో మిగిలిన పాత పోగులకు కొత్త పడుగును అతికే నేతగాడికి ప్రతి పోగూ కంటికి ఆనుతుంది. ఆప్ట్‌కు మాత్రం తన జాబితాలోని ప్యాకేజీలే కనిపిస్తాయి, చేత్తో కంపైల్ చేసి పెట్టినవి దాని లెక్కలోకి రావు. 1998 జూలైలో డెబియన్ 2.0, అన్ని ప్రోగ్రాములకూ పునాది అయిన సి లైబ్రరీని ఐదో తరం నుంచి ఆరో తరానికి మార్చినప్పుడు, ప్యాకేజీలను డెబియన్ వారే తిరిగి కంపైల్ చేసి అందించారు గాని, సొంతంగా కట్టుకున్న ప్రోగ్రాములు పాత లైబ్రరీని కూడా అట్టిపెట్టిన చోటనే నడిచాయి. ప్యాకేజీని ఉన్న వెర్షన్ దగ్గరే ఆపే 'హోల్డ్' వంటి ఏర్పాటు ఇలాంటి చోట అక్కరకొస్తుంది. అయితే ఆపిన ప్యాకేజీకి భద్రతా సవరణలూ ఆగిపోతాయి కనుక దాన్ని పరిష్కారం అనడం కన్నా వాయిదా అనడమే సబబు.

ఎన్‌సీఎస్‌టీ తరువాత సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థలో కలిసిపోయింది. ఆ సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్, తెలుగు సహా భారతీయ భాషలకు అనువుగా మలచిన డెబియనే. మూల డెబియన్ కొత్త విడుదలకు మారవలసి వచ్చినప్పుడల్లా తమ మార్పులను దాని మీద మళ్ళీ కూర్చుకునే పని సీ-డాక్ ఇంజనీర్లదే.