పాడింది ఎవరు? ఒక చిన్న సవాల్, దాని తవారీఖ్

ఫలానా పాట ఏ సినిమాలోది? రాసిన శాయర్ ఎవరు? పాడింది ఎవరు? దిలీప్ కుమార్ అసలు పేరేంది? మన ఇండ్లల్లో నలుగురు చేరినప్పుడల్లా ఇలాంటి సవాళ్ళు వస్తూనే ఉంటాయి. మైదుకూరు నాలుగు రోడ్ల కాడ చాయ్ తాగేవాళ్ళయినా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని మన చుట్టాలయినా ఈ ఆట తెలియనివాళ్ళు ఉండరు. ఖాలా ఒక పేరు చెప్తే మామూ కాదంటాడు. పిల్లలు ఫోన్ తీస్తారు. అంతా దీన్ని టైంపాస్ అనుకుంటాం. కానీ "పాడింది ఎవరు?" అని అడిగితే జవాబు దొరకని జమానా ఒకటి నడిచింది. ఆ జవాబు మన దాకా రావడానికి కొందరు పట్టుబట్టాల్సి వచ్చింది.

టాకీలు వచ్చిన కొత్తలో ఈ సవాల్‌తో పని పడలేదు. తెర మీద ఎవరుంటే వాళ్ళే పాడేవాళ్ళు. మన ప్రొద్దుటూరు ప్రాంతంలో పుట్టిన శాంతకుమారి గారినే తీసుకోండి. 1936లో 'శశిరేఖా పరిణయం'తో సినిమాల్లోకి వచ్చిన ఆమె తన పాటలు తానే పాడుకున్నారు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. మొహం ఒకరిది, ఆవాజ్ ఇంకొకరిది అయింది. ఆవాజ్ ఇచ్చిన మనిషి పరదా వెనక ఉండిపోయారు.

1949లో 'మహల్' వచ్చింది. అందులో ఒక పాట దేశమంతా మారుమోగింది. సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్, రాసింది నఖ్షబ్ జార్చవీ. పాడిన లతా మంగేష్కర్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళ వయసు. గ్రామఫోన్ రికార్డు మీద మాత్రం గాయని పేరు 'కామినీ' అని అచ్చయింది. కామినీ అంటే సినిమాలో పాత్ర పేరు. ఆ పాత్ర వేసింది మధుబాల. మధుబాల అసలు పేరు ముంతాజ్ జహాన్ బేగం దెహ్లవీ. ఒక్క పాట వెనక ఎన్ని పేర్లు దాక్కున్నాయో చూడండి! విన్నవాళ్ళు ఊరుకోలేదు. పాడింది ఎవరని రేడియోకు ఖత్‌లు రాశారు. రేడియోవాళ్ళు రికార్డు కంపెనీని అడిగి, లతా పేరు గాలిలో చెప్పాల్సి వచ్చింది. మనం ఆటగా అడిగే సవాల్‌నే ఆనాడు జనం గట్టిగా అడిగారు. ఒక ఫన్‌కార్‌కు తన పేరు తనకు దక్కింది.

అంతటితో అయిపోలేదు. 1957లో 'చోరీ చోరీ' సంగీతానికి శంకర్ జైకిషన్‌కు ఫిలింఫేర్ ఇనామ్ వచ్చింది. ఆ జల్సాలో పాడమంటే లతా ఇన్కార్ చేశారు. సంగీతానికి ఇనామ్ ఉంది, పాడినవాళ్ళకు ఎందుకు లేదన్నది ఆమె మాట. 1959లో గాయకులకు కూడా ఇనామ్ మొదలైంది, మొదటిది లతాకే అందింది. 1961లో 'చౌద్‌వీ కా చాంద్' పాటకు మహమ్మద్ రఫీ అందుకున్నారు. రాసినవాళ్ళ పేరు కూడా రేడియోలో చెప్పాలని సాహిర్ లుధియాన్వీ గట్టిగా నిలబడ్డారని చెప్పుకుంటారు. పాట కంటే ముందు ఆకాశవాణి మనకు వినిపించిన "రచన, సంగీతం, గానం" అనే మూడు మాటల వెనక ఇంత కథ ఉంది. పని చేసినవాడి పేరు చెప్పడం వాడి హక్, చెప్పేవాడి మీద అమానత్.

ఈ పేర్లు పల్లెల దాకా చేరింది రేడియో పుణ్యాన. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం సూదిని రేడియో సిలోన్ మీదికి తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. సిలోన్ నుంచి తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మన పెద్దలకు ఇంకా యాదుంటుంది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే వివిధ భారతిని తెచ్చింది. స్కూలు మొహం చూడని అమ్మీలు కూడా శకీల్ బదాయూనీ, నౌషాద్ పేర్లు తడుముకోకుండా చెప్పింది ఇలా విని విని నేర్చుకునే.

పేరు తెలిస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. 'బైజూ బావ్రా' (1952)లో హరి దర్శనం కోసం తపించే భజన ఉంది. రాసింది శకీల్, స్వరం కట్టింది నౌషాద్, పాడింది రఫీ. 1964లో నాగయ్య గారి 'రామదాసు'లో కబీర్‌గా వేసిన గుమ్మడికి రఫీ పాడారు. 1984లో ఎన్.టి.ఆర్. వీరబ్రహ్మేంద్రస్వామి కథను సినిమా తీస్తే, బాలకృష్ణ వేసింది దూదేకుల ఇంట పుట్టిన సిద్ధయ్య పాత్ర. ఆ బ్రహ్మంగారి మఠం మన మైదుకూరుకు దగ్గరలోనే కదా. యూసుఫ్ ఖాన్ తెర కోసం దిలీప్ కుమార్ అయ్యారు. మద్రాసులో దిలీప్ కుమార్‌గా పుట్టిన పిల్లవాడు ఏ.ఆర్. రహ్మాన్ అయ్యి, కడప పెద్ద దర్గాకు వచ్చి సలాం చేస్తున్నాడు. ఈ దేశంలో మనవాళ్ళ హిస్సా ఎంత అని ఎవరైనా అడిగితే బహస్ పెట్టుకోనక్కర్లేదు. "రచన, సంగీతం, గానం" చదివి వినిపిస్తే చాలు.

మన గడ్డ మీదివాళ్ళకు కూడా ఈ లెక్కలో పేరుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాకు పాడిన మొదటి పాట ఎవరి చిత్రంలోది? 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'. తీసింది పులివెందుల తాలూకా సింహాద్రిపురం మనిషి పద్మనాభం. సంగీతం కోదండపాణి.

ఇప్పుడు ఫోన్లలో పాట అర నిమిషం ముక్కగా వస్తోంది. మీద 'ఓల్డ్ సాంగ్' అని మాత్రమే ఉంటుంది. రచన లేదు, సంగీతం లేదు, గానం లేదు. ఎవరి పాట అని పిల్లల్ని అడిగితే హీరో పేరు చెప్తున్నారు. వాళ్ళ ఖసూర్ ఏముంది? వాళ్ళకు ఆ పేర్లు వినిపించినవాళ్ళు లేరు. 1949 నాటి 'కామినీ' రికార్డు కాడికే తిరిగి వచ్చినట్టుంది.

గానా బజానా విషయంలో మన ఇండ్లల్లో రెండు రాయ్‌లు ఉన్నాయి, ఆ బహస్ ఇక్కడ వద్దు. పేరు చెప్పే అమానత్ మీద మాత్రం ఇఖ్తిలాఫ్ ఉండదనుకుంటా. ఏ రికార్డుకూ ఎక్కని ఆవాజ్‌లు మనలో బోలెడన్ని. మొహర్రంలో మర్సియా చదివిన తాతలు, హల్దీ నాడు ఢోలక్ పట్టుకుని గీత్‌లు కట్టిన నానీలు, దాదీలు. లతా కోసం జనం ఖత్‌లు రాశారు. వీళ్ళ కోసం ఎవరూ రాయలేదు.

మీ నానీ ఇంకా ఉంటే పక్కన కూర్చోండి. ఆ ఢోలక్ గీత్ ఆమెకు ఎవరు నేర్పించారో, కట్టింది ఎవరో అడిగి, ఆ పేరు ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టండి.