పేపరోళ్ళు అసెంబ్లీకి పోయిన దారి

ఫిలిప్పీన్స్‌లో నోలీ డి కాస్ట్రో అని ఒక న్యూస్ యాంకర్. ఏబీఎస్-సీబీఎన్ చానల్‌లో ‘టీవీ పెట్రోల్’ అనే వార్తలు చదివేవాడు. 2001లో ఇండిపెండెంట్‌గా సెనేట్‌కి నిలబడితే దేశం మొత్తమ్మీద అందరికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి. 2004లో ఉపాధ్యక్షుడయ్యాడు. పదవీకాలం అయిపోయిన 2010లోనే మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూచుని వార్తలు చదవడం మొదలుపెట్టాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. ఆయనకంటే ముందు, 1998లో, లోరెన్ లెగార్డా అనే యాంకర్ కూడా ఇలాగే సెనేట్‌ ఎన్నికల్లో మొదటి స్థానంలో నిలిచింది.

తెలుగులో న్యూస్ చానళ్ళకు కరువేం లేదు. చర్చల్లో అరిచే యాంకర్లకు అసలే లేదు. మరి మనకొక నోలీ ఎందుకు రాలేదు?

జవాబు యాంకర్లలో కాదు, ఎన్నికల పద్ధతిలో ఉందనిపిస్తుంది నాకు. ఫిలిప్పీన్స్ సెనేట్‌కి నియోజకవర్గాలు ఉండవు. మొత్తం 24 మంది. మూడేళ్ళకోసారి 12 సీట్లకు దేశమంతా ఒకే ఎన్నిక. 2010లో మెషీన్లు వచ్చేదాకా ఓటరు ఆ పేర్లన్నీ చేత్తో రాయాల్సి వచ్చేది. పన్నెండు పేర్లు గుర్తుతెచ్చుకుని రాయమంటే మనమైనా ఏం చేస్తాం? రోజూ రాత్రి ఇంట్లోకొచ్చి మాట్లాడే మనిషి పేరు ముందు రాస్తాం.

మా కణేకల్‌లో ఓటరు రాయదుర్గం నియోజకవర్గానికి ఒక్కరిని ఎన్నుకుంటాడు. ఆ ఒక్కరు హెచ్చెల్సీ నీళ్ళు ఎప్పుడు వదులుతారో చెప్పగలగాలి, స్టేషన్‌కి ఫోన్ చెయ్యగలగాలి, చావుకీ పెళ్ళికీ రావాలి. ఇక్కడ తెలిసిన మొహం చాలదు, తెలిసిన ఊళ్ళు కావాలి.

తీన్మార్ మల్లన్న సంగతి చూడండి. వీ6 చానల్లో తెలంగాణ యాసలో వార్తలు చెప్పి ఇంటింటికీ తెలిసిన మనిషి. హుజూర్‌నగర్ అసెంబ్లీ ఉపఎన్నికలో నిలబడితే గెలుపు దరిదాపులకు కూడా రాలేదు. అదే మనిషి నల్లగొండ-వరంగల్-ఖమ్మం పట్టభద్రుల స్థానంలో 2021లో రెండో స్థానంలోకి వచ్చారు, 2024 ఉపఎన్నికలో కాంగ్రెస్ తరఫున గెలిచారు. మూడు పాత జిల్లాల్లో చెదిరిపోయి ఉన్న ఓటర్లు, ఊరి లెక్కలు తక్కువ. మనకున్నవాటిలో ఫిలిప్పీన్స్ సెనేట్‌కి కాస్త దగ్గరగా ఉండేది ఇలాంటి సీటే. మినహాయింపులు లేకపోలేదు. టీవీ జర్నలిస్టుగా పనిచేసిన చంటి క్రాంతికిరణ్ 2018లో అందోల్ అసెంబ్లీ సీటే గెలిచారు. కాకపోతే ఆయన వెనక తెలంగాణ ఉద్యమమూ టీఆర్ఎస్ టికెట్టూ ఉన్నాయి.

అంటే మన దగ్గర జర్నలిస్టులు రాజకీయాల్లోకి ఎక్కువగా పోయింది తెర మీదనుంచి కాదు, కాగితం మీదనుంచి. అనంతపురంలో ఆ దారి పాతది.

1926లో పప్పూరి రామాచార్యులు అనంతపురం నుంచి ‘శ్రీ సాధన పత్రిక’ మొదలుపెట్టారు. ఆయన్ని ‘రాజకీయాల్లోకి వెళ్ళిన పత్రికా సంపాదకుడు’ అంటే తప్పు. ఎక్కడినుంచీ ఎక్కడికీ వెళ్ళలేదాయన. పత్రిక, కాంగ్రెస్, జైలు అన్నీ ఒకటే పని. 1928 నవంబర్‌లో నంద్యాలలో దత్తమండలం అన్న పేరు తీసేసి చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ను ఎంచుకున్నప్పుడు పప్పూరివారు ఆ ప్రయత్నంలో ఉన్నారు. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకం చేసినవాళ్ళలోనూ ఉన్నారు. ఆ శ్రీబాగ్ ఎవరి ఇల్లు? ‘ఆంధ్రపత్రిక’ పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది. ఇంకో పేపరాయనే!

ఆ ఒడంబడికలో మా ఊరికి ముఖ్యమైన మాట నీళ్ళ గురించి. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో పదేళ్ళపాటు, లేదా అవసరమైనంతకాలం, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు అవకాశం ఇవ్వాలని రాసుకున్నారు. తర్వాత తుంగభద్ర డ్యాం వచ్చింది, దాన్నుంచి మా కణేకల్ మీదుగా పోయే ఎగువ కాలువ వచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువలో ఆంధ్ర వాటా 32.5 టీఎంసీలని తేల్చింది. డ్యాంలో పూడిక పేరుకునే కొద్దీ ఆ అంకె కాగితానికే పరిమితమవుతూ వచ్చింది. ఇంకోవైపు వేదవతి (మా వాళ్ళకి హగరి) ఎండిపోయి, గాలికి ఇసుక లేచి కణేకల్, బొమ్మనహాళ్ పొలాల మీద దిబ్బలు పోస్తోంది. పప్పూరివారు తర్వాత ధర్మవరం నుంచి శాసనసభకు కూడా వెళ్ళారు.

రెండో తరం దారి వేరు. 1974లో ‘ఈనాడు’, 1989లో దాని జిల్లా ఎడిషన్లు. ఊరి చెరువు గండి, ఊరి బస్సు రాకపోవడం కూడా వార్త అయ్యాయి. ఈ వార్తల కోసం తిరిగే విలేకరికి మండలంలో ఏ కాలనీకి బోరు లేదో, ఏ డీలర్ బియ్యం మింగాడో, ఎవరికి ఎవరంటే పడదో అన్నీ తెలుసు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, ఎమ్మెల్యేకి కావాల్సిన డేటాబేస్ అంతా అతని స్కూటర్ మీదే ఉంది.

కాలవ శ్రీనివాసులు ఈ తరం మనిషి. ఈనాడులో జర్నలిస్టుగా పనిచేసి, 1999లో తెలుగుదేశం తరఫున అనంతపురం ఎంపీ అయ్యారు. 2004లో ఆ సీటు కాంగ్రెస్‌కి పోయింది. 2014లో రాయదుర్గం ఎమ్మెల్యే, ప్రభుత్వ చీఫ్ విప్, 2017లో మంత్రి. 2019లో ఓటమి, 2024లో మళ్ళీ గెలుపు. వాల్మీకి బోయ కులం నుంచి వచ్చిన మనిషి. భూములూ ఫ్యాక్షన్లూ కాంట్రాక్టులూ నడిపే అనంతపురం రాజకీయాల్లో, తాత ముత్తాతల బలగం లేనివాడికి విలేకరి ఉద్యోగం ఒక నిచ్చెన అయింది. దీన్ని చిన్నచూపు చూడ్డం నాకిష్టం లేదు. ఇది ఒక్క పార్టీ కథా కాదు. ఈనాడులోనే పనిచేసిన కురసాల కన్నబాబు ప్రజారాజ్యం మీదుగా వైసీపీలో చేరి వ్యవసాయ మంత్రి అయ్యారు.

కానీ ఒక ముల్లు ఉంది. 2017లో కాలవ గారికిచ్చిన శాఖల్లో సమాచార, పౌర సంబంధాల శాఖ ఒకటి. జర్నలిస్టులకు అక్రిడిటేషన్ కార్డులూ పత్రికలకు ప్రభుత్వ ప్రకటనలూ ఇచ్చే శాఖ. జర్నలిస్టుల బాధలు తెలిసినవాడికే ఇచ్చారని ఒక లెక్క. జర్నలిస్టుల గుట్టు తెలిసినవాడికే ఇచ్చారని ఇంకో లెక్క. రెండూ నిజమే కావచ్చు. ఈనాడుకూ తెలుగుదేశానికీ ఉన్న దగ్గరితనం, సాక్షికీ వైసీపీకీ ఉన్న చుట్టరికం తెలిసిన పాఠకుడు, రిపోర్టర్ పార్టీలో చేరితే పెద్దగా ఆశ్చర్యపోడు. పప్పూరివారి కాలంలో కూడా పత్రికకూ పార్టీకీ మధ్య గోడ లేదు. తేడా ఏమిటంటే అప్పుడు ఆయన పత్రిక ఎదురుగా ఉన్నది ఇంగ్లీషు సర్కారు, రాసినందుకు వచ్చేది జైలు.

ఇప్పుడు కణేకల్‌లో మండలానికొక విలేకరి చొప్పున ప్రతి పేపరుకీ ఉన్నారు. చాలామందికి జీతం నామమాత్రం, ప్రకటనలు తెచ్చే పని కూడా వాళ్ళదే. వీళ్ళలో కొందరి కళ్ళ ముందు కాలవ గారి దారి ఉండే ఉంటుంది. అందులో తప్పులేదు. కాలువకు నీళ్ళెప్పుడని వీళ్ళు అడగాల్సిన ఎమ్మెల్యే, ఒకప్పుడు ఇదే పని చేసిన మనిషి. ఏ ప్రశ్నకి ఎంతవరకు జవాబు చెప్తే రేపటి పేపర్లో ఎన్ని లైన్లొస్తాయో వీళ్ళకంటే ఆయనకే బాగా తెలుసు.