బల్లిని పెంచాలంటే గాజు పెట్టె ఎలా ఉండాలి? బళ్లారి ఎండకు తగిన ఏర్పాట్లు

మన ఇళ్లలో పిల్లలు ఈమధ్య కుక్కపిల్ల, చేపల తొట్టి దాటి ‘లెపర్డ్ గెకో’ అనే చుక్కల బల్లిని అడుగుతున్నారు. వాళ్లు ఫోన్లో చూసే పద్ధతులు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడి సమస్య పెట్టెను వెచ్చబెట్టడం. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లో సమస్య చల్లబెట్టడం. ఈ తేడా తెలియక పెంచితే బల్లి మొదటి వేసవి కూడా దాటదు.

ముందు చట్టం సంగతి. గోడ మీది బల్లినైనా, సండూరు కొండల్లోని బండల బల్లినైనా పట్టి పెట్టెలో వేయడం వద్దు. మన శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. తిరుమల వెళ్లినప్పుడు బండల సందున కనబడితే చూసి వచ్చేయాలి. ఈశాన్య రాష్ట్రాల టోకే బల్లిదీ అదే షెడ్యూలు. దాన్ని లక్షలకు కొంటారని, ఎయిడ్స్‌కు మందని చెప్పే ఫోన్లు నమ్మొద్దు. ఆ మందు మాట అబద్ధమని ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ 2011లోనే హెచ్చరించింది. మొదటి షెడ్యూలు జంతువును పట్టినా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా.

అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలోని విదేశీ జంతువులకు 2024 ఫిబ్రవరి నుంచి నమోదు నియమాలు వచ్చాయి. కొన్నా, పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా ‘పరివేష్’ పోర్టల్లో తెలపాలి. చుక్కల బల్లి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లతో పాటు మన దేశపు వాయవ్య అంచుల్లోనూ ఉన్న జీవి. కాబట్టి ‘ఫారిన్ బల్లి, ఏం కాదు’ అని అమ్మేవాడు అంటే సరిపోదు. దాని శాస్త్రీయ నామం రాయించుకుని, షెడ్యూళ్లలో ఉందో లేదో అటవీశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. రసీదు లేకుండా కొనొద్దు.

కాగితాలు సరిగా ఉంటే ఇక పెట్టె. ఒక్క బల్లికి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, గాలి ఆడే జాలీ మూత ఉండాలి. ఈ బల్లి కాళ్లకు అంటుకునే మెత్తలు లేవు, గాజు ఎక్కలేదు. అందుకే ఎత్తుకన్నా నేల వైశాల్యం ముఖ్యం. అడుగున ఇసుక పోయకండి. పురుగుతో పాటు మింగితే, ముఖ్యంగా పిల్ల బల్లులకు, పేగుల్లో అడ్డుపడుతుంది. మన నాపరాయి ముక్కలు పరిస్తే చాలు, తుడవడం కూడా తేలిక. దాక్కోవడానికి పగిలిన కుండపెంకులు మూడు బోర్లించండి: ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు, మధ్యదాని కింద తడిపిన కొబ్బరి పొట్టు. కుబుసం విడిచేటప్పుడు ఆ తడి లేకపోతే వేళ్ల చుట్టూ చర్మం బిగుసుకుని వేళ్లే ఊడిపోతాయి. రెండు మగ బల్లుల్ని కలిపి ఉంచితే కొట్టుకుంటాయి.

వెచ్చని వైపు నేల 32 నుంచి 35 డిగ్రీలు, చల్లని వైపు 25 దగ్గర ఉండాలి. రెండు వైపులా థర్మామీటర్లు పెట్టండి, చేత్తో తాకి అంచనా వేయొద్దు. డిసెంబరు, జనవరిల్లో పెట్టె కింద ఒక పక్క హీట్ మ్యాట్ కావాలి, అదీ థర్మోస్టాట్‌తోనే. మార్చి చివరికల్లా దాని అవసరం చాలావరకు తీరిపోతుంది. అప్పటినుంచి పెట్టెను కింది అంతస్తులో, ఎండపడని లోపలి గదిలోకి మార్చండి. కిటికీ ఎండ గాజు మీద పడితే కాసేపట్లోనే పెట్టె పొయ్యి అవుతుంది. ఫ్యాను వేసి ఊరుకుంటే లాభం లేదు, బల్లికి చెమట పట్టదు. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చల్లని వైపు గాజుకు బయట ఆనించండి. కరెంటు పోయినా ఇది పనిచేస్తుంది.

న్యూ కాలెడోనియా దీవుల క్రెస్టెడ్ గెకోను మాత్రం మన ఊరికి తేకపోవడమే మంచిదని మా అభిప్రాయం. 28 డిగ్రీలు దాటితేనే అది తల్లడిల్లుతుంది. ఏసీ ఉన్న ఇంట్లోనైనా మే నెలలో ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే చాలు.

మేత బతికిన కీచురాళ్లు, మీల్‌వార్మ్ పురుగులు. క్యాల్షియం, డి3 పొడి అద్ది వేయాలి, లేకుంటే ఎముకలు వంకరపోతాయి. ఇంట్లో మందు కొట్టిన బొద్దింకల్ని వేయొద్దు. తోక లావుగా ఉంటే బల్లి ఆరోగ్యంగా ఉన్నట్టు, కొవ్వు అక్కడే దాచుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు గౌళి శాస్త్రం తీస్తారు, బల్లి మీద పడితే కంచి బంగారు బల్లిని తాకాలంటారు. వాళ్లతో ముందే మాట్లాడండి. ఇది పదిహేనేళ్లు కూడా బతికే జీవి. అడిగిన పిల్లవాడు చదువుకు బెంగళూరో హైదరాబాదో వెళ్లాక పురుగులు వేయాల్సింది ఇంట్లో ఉన్న అమ్మా, అవ్వే.

కొనక ముందే పశువైద్యుడికి ఫోన్ చేసి బల్లుల్ని చూస్తారా అని అడగండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, వీటి నుంచి సాల్మొనెల్లా సోకుతుంది. నీళ్ల మూకుడును వంటింటి సింకులో తోమకండి, దానికి వేరే బకెట్టు పెట్టుకోండి.