హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయింది

2011 ఫిబ్రవరిలో డెబియన్ 6 (స్క్వీజ్) వచ్చినప్పుడు చిక్కంతా డిస్కు పేరు దగ్గరే. కొత్త కెర్నెల్లో ఐడీఈ డ్రైవర్లు మారాయి. నిన్నటి హెచ్‌డీఏ, రీబూట్ అవగానే ఎస్‌డీఏ! బూట్ లోడరేమో పాతపేరుతోనే పిలుస్తుంది, పలికేవాడుండడు. పక్కగదిలో మిషనైతే కీబోర్డు తగిలించి చూస్కోవచ్చు. ఎక్కడో డేటా సెంటర్లో ఉంటే? డిస్కే దొరక్కపోతే ఎస్సెస్‌హెచ్ ఎక్కడ లేస్తుంది!

అందుకే బ్యాకప్‌తోపాటు సీరియల్ కన్సోల్ దారి కూడా ముందే చూస్కోమని విడుదల నోట్సులో రాశారు. డిస్కుల్ని యూయూఐడీతో గుర్తుపట్టేలా మార్చిపెట్టడానికి లైనక్స్-బేస్ ప్యాకేజీ ఉండేది, మనం సరేనంటే.

నాకు నచ్చింది మాత్రం వాళ్ళు చెప్పిన వరస. స్క్వీజ్ యూడెవ్‌కి పాత కెర్నెల్ పడదు. కాబట్టి ఆ రెండూ ఎక్కించి రీబూట్ చెయ్యాలి, డిస్ట్-అప్‌గ్రేడ్ ఆ తర్వాతే. అంటే మిషను లేవకపోతే తప్పు ఎక్కడుందో వెతకడం కాస్త తేలిక.