రాజమండ్రి నాటకం: సోఫా నుంచి నేల దాకా

మా ఊళ్లో తెలుగు నాటకం పొరుగువాళ్లు వేసిన పాకలో కాలు పెట్టింది. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమండ్రి వచ్చి, పాక వేసి, ఆడి, పేరూ డబ్బూ సంపాదించుకుని వెళ్లిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులకు వేషాలు కట్టించి నాటకాలు ఆడించారు. వాటిలో చమత్కార రత్నావళి ఒకటి. షేక్స్‌పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కి ఆయన చేసిన తెలుగు అది. ఆ రోజుల్లోనే ఆడిన వ్యవహార ధర్మబోధినిలో ప్లీడర్లను ఉతికి ఆరేశారు. ఊళ్లో దానికి ప్లీడరు నాటకం అని పేరు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తున్నాం. ఏటా ఆ రోజు వేదికల మీద ఈ కథంతా చెబుతారు. పాకలో కూర్చున్నవాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను ఆ కూర్చునేవాళ్ల జాతి. వేషం వేసే యోగ్యత లేదు, హార్మోనియం మెట్లు తెలియవు. నాన్న పంచె కొంగు పట్టుకుని నాటకానికి వెళ్లడం మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పుడు మనవడి చెయ్యి పట్టుకుని వెళుతున్నాను. ఎవరు ఏ నాటకం రాశారో, ఎవరు ఏ వేషం కట్టారో రాసిన పుస్తకాలు ఉన్నాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం సంగతీ, ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి సమాజం సంగతీ, అందులో కుర్రవాడిగా వేషాలు వేసిన టంగుటూరి ప్రకాశం గారి సంగతీ వాటిలో దొరుకుతాయి. నేను చెప్పబోయేది టిక్కెట్లూ, కుర్చీలూ, వాటిల్లో కూర్చుని విన్న పద్యాల సంగతి.

మా పందిళ్లలో వరసలు ఇలా ఉండేవి. వేదికకి ఆనుకుని నాలుగు సోఫాలు. అవి ఊరి పెద్దల ఇళ్ల నుంచి రిక్షాల మీద తెచ్చినవే. వాటి వెనక రిజర్వుడు కుర్చీలు, తర్వాత మామూలు కుర్చీలు, తర్వాత బెంచీలు, ఆఖర్న తాడు కట్టి నేల. ఆడవాళ్లకి ఒక పక్కగా వేరే చోటు. సినిమా హాల్లో నేల తెర ముందు ఉండేది, నాటకంలో అందరి వెనకా ఉండేది. సోఫా టిక్కెట్టు డబ్బులతో నేల మీద ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. మేం అలాగే కూర్చునేవాళ్లం. కింద ఇసక పోసేవారు. మొదటి అంకం అయ్యేసరికి పిల్లలం ఆ ఇసకలో నిద్రపోయేవాళ్లం. మంచి పద్యం వచ్చే ముందు నాన్న తట్టి లేపేవాడు. కుర్చీ టిక్కెట్టు కొన్నవాళ్లకి మాత్రం నిద్ర ఉండేది కాదు. అది కళాభిమానం అనుకునేరు, అద్దె కుర్చీల్లో నల్లులు.

నేల అంత వెనక ఉండటానికీ, పద్యం అంత పైస్థాయిలో సాగడానికీ సంబంధం ఉంది. మైకులు లేని కాలంలో నటుడు పెట్రోమాక్సు లైట్ల వేడిలో నిలబడి, తాడు అవతల కూర్చున్న ఆఖరి మనిషికి వినపడేలా పాడాలి. అందుకే పెద్ద శ్రుతి, అందుకే పాదం చివర ఆ సాగతీత. మాట అంత దూరం పోయేసరికి అరిగిపోతుంది, రాగం నిలబడుతుంది. తరవాత మైకులు వచ్చాయి, వేదిక పైనుంచి వేలాడదీశారు. అప్పటిదాకా వేదికంతా తిరిగిన ధర్మరాజు, పద్యం ఎత్తుకోగానే వచ్చి మైకు కింద నిలబడటం నేర్చుకున్నాడు. గొంతు చించుకోవలసిన పని తప్పినా సాగతీత మాత్రం పోలేదు. అప్పటికే జనం దాని రుచి మరిగారు.

నాకు ఊహ తెలిసేనాటికి కాంట్రాక్టు నాటకాల హవా నడుస్తోంది. ఒక కాంట్రాక్టరు తలో ఊళ్లో ఉన్న పేరున్న నటులను ఆ ఒక్క రాత్రికి కుదుర్చుకుని, పోస్టర్లు వేసి, టిక్కెట్లు అమ్ముతాడు. వాళ్లంతా కలిసి రిహార్సలు చేసే ప్రశ్నే లేదు. రైలు దిగుతారు, రంగు పూసుకుంటారు, తెర లేస్తుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు అందరికీ కంఠతా వచ్చు కనక నడిచిపోయేది. పోస్టరు మీద శ్రీకృష్ణుడు ఒకటి, శ్రీకృష్ణుడు రెండు, ఒక్కోసారి మూడు కూడా. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకడు. మొదటి కృష్ణుడు పొట్టి, రెండో కృష్ణుడు పొడుగు అయినా ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. ఇద్దరు కృష్ణులకి ఒకే టిక్కెట్టు, గిట్టుబాటే కదా.

ఆ కృష్ణుల మీదే ఊళ్లో పార్టీలు. పీసపాటి నరసింహమూర్తి గారి పార్టీ ఒకటి, షణ్ముఖి ఆంజనేయరాజు గారి పార్టీ ఒకటి. పీసపాటి రాయబారం సీనులో పద్యాన్ని మాటలాగా చెప్పేవారు. రాగం ఎంత కావాలో అంతే, భావం చెడకుండా విరుపు. దుర్యోధనుడి వైపు తిరిగి ఒక పాదం, సభ వైపు తిరిగి ఒక పాదం. నిజంగా సంధి కోసమే వచ్చినట్టుండేది. షణ్ముఖి వారి గొంతు వేరు. ఆ రాగం లేచిందంటే సంధీ యుద్ధమూ రెండూ మరిచిపోయి వినాలి. నాన్నది షణ్ముఖి పార్టీ, నాది పీసపాటి పార్టీ. నాటకం అయి ఇంటికి నడిచే దారంతా వాదన. ఈలపాట రఘురామయ్య గారి విషయంలో మాత్రం ఇంట్లో భేదాభిప్రాయం లేదు. నోట్లో వేలు పెట్టి ఆయన ఈల మీద రాగం అందుకున్నప్పుడు నేల తరగతి ఊపిరి బిగబట్టేది.

పద్యం నచ్చితే వన్స్‌మోర్. ఇది ప్రేక్షకుడి హక్కు, ఎక్కువగా నేల వాడి హక్కు. సోఫాలో కూర్చున్నవాడు అరిస్తే మర్యాద కాదు, బెంచీవాడు అటూ ఇటూ చూస్తాడు. నేల వాడికి ఆ బెరుకు లేదు. పావలా ఇచ్చాను, మళ్లీ పాడు అంటాడు. హార్మోనిస్టు అప్పటికే తెలుసుకుని శ్రుతి వదలకుండా పట్టుకుని ఉంటాడు. నిజానికి ఆ రాత్రి నాటకాన్ని నడిపించేవాడు వేదిక కింద ఓ వారగా కూర్చున్న ఆ మనిషే. నటుడు గతి తప్పితే స్వరం అందించేవాడు, దమ్ము చాలకపోతే తాను రాగం సాగదీసి ఊపిరి తీసుకోనిచ్చేవాడు, మరీ పెచ్చుమీరితే ఠక్కున ఆపేసేవాడు.

చదివింపుల తంతు వేరు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రలో కాటిసీను జరుగుతూంటుంది. అందులో పాడే జాషువా గారి శ్మశానవాటి పద్యాలు ఆయన ఆ నాటకం కోసం రాసినవి కావు, నటులు ఎత్తుకొచ్చి పెట్టుకున్నవి. ఆ జాషువా గారే కుర్రతనంలో మా రాజమండ్రిలో మూగ సినిమాలకి కథ చదివి వినిపించే ఉద్యోగం చేశారు. సరే, కాటిసీను. హరిశ్చంద్రుడు కర్ర పట్టుకుని, కళ్లు చెమర్చేలా పద్యం ముగించగానే ఒకాయన వేదిక ఎక్కి నోటు గుచ్చుతాడు. మైకులో ఆ దాత పేరూ, ఊరూ, ఇచ్చిన సొమ్మూ చదువుతారు. కాటికాపరి చేతులు జోడించి నవ్వుతాడు, నోటు సర్దుకుని మళ్లీ ఏడుపు మొహం పెడతాడు. ఇదంతా అయ్యేదాకా చనిపోయిన లోహితాస్యుడు పాపం దోమలు కుడుతున్నా కదలకుండా పడుకోవాలి. చదువుకున్నవాళ్లు దీన్ని రసభంగం అంటారు. నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. నటుడి ఇల్లు గడిచేది ఆ నోట్లతోనే.

సురభి వాళ్లు డేరా వేస్తే లెక్క మారిపోయేది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన కుటుంబాలు అవి. డేరా ముందు టిక్కెట్లు చింపి ఇచ్చిన అమ్మాయే గంట తిరక్కుండా కిరీటం పెట్టుకుని వేదిక మీద కనిపించేది. మాయాబజార్ అయినా, పాతాళభైరవి అయినా ముందు వరస కొన్నవాడు నష్టపోయినట్టే. పైనుంచి దిగే తీగలు కనిపిస్తాయి, పొగ మొహం మీదకి వస్తుంది. మధ్యకి జరిగి కూర్చుంటే తీగ మాయమై ఘటోత్కచుడు నిజంగా గాల్లోంచి దిగుతాడు. పద్యనాటకానికి ముందు కుర్చీ, సురభికి వెనక బెంచీ అని మా ఇంట్లో సిద్ధాంతం.

హాల్లో అయితే ఇంకో సిద్ధాంతం. ముందు రెండు వరసల్లో మెడ నొప్పి పుడుతుంది, హార్మోనియం పద్యాన్ని మింగేస్తుంది. పక్కల్లో పెద్ద స్పీకర్లు చెవుల్ని బద్దలు కొడతాయి. బాల్కనీ కింద వరసల్లో మాట గుహలోంచి వచ్చినట్టుంటుంది. ఫ్యాను కింద సీటు అడిగి మరీ తీసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకి సగం నాటకం ఫ్యాను చప్పుడే. నడవ పక్కన, ఏడెనిమిది వరసల అవతల, హార్మోనియానికి ఎదురు పక్కన కూర్చోండి. అక్షరం అక్షరం వినపడుతుంది.

సినిమా వచ్చి నాటకాన్ని మింగేసిందని అంటారు. అది కొంత నిజమే. ఆంధ్రదేశంలో మొట్టమొదటి సినిమా స్టూడియో, నిడమర్తి సూరయ్య గారి దుర్గా సినీటోన్, 1936లో వెలిసింది మా ఊళ్లోనే. పద్యం తెలిసిన గొంతులన్నీ అటు నడిచాయి. కానీ సినిమా ఉధృతంగా ఉన్న రోజుల్లోనూ కాంట్రాక్టు నాటకానికి టిక్కెట్లు తెగేవి. అది నేను కళ్లారా చూసిందే. నాటకానికి అసలు దెబ్బ పాసుతో తగిలింది.

టిక్కెట్టు పెడితే ఎవరూ రారని నిర్వాహకులు భయపడ్డారు. దాతల సొమ్ముతో, ప్రభుత్వ సొమ్ముతో నాటకాన్ని ఉచితం చేశారు. పరిషత్తు పోటీలు ఉచితం, నంది నాటకోత్సవాలూ ఉచితం. వాటి వల్ల మంచి నాటకాలు మా ఆనం కళాకేంద్రం దాకా వచ్చాయి, కాదనను. పైసా ఖర్చు లేకుండా చూశాను కూడా. అయితే ఉచితమన్న చోట టిక్కెట్టుతో పాటు వరసలు పోలేదు. ముందు మూడు వరసలకి తాడు కట్టి గౌరవ అతిథులకి అని కాగితం అంటిస్తున్నారు. ఒకచోట పోటీలకి సాయంత్రం అయిదింటికే వెళ్లి నాలుగో వరసలో కూర్చున్నాను. ముందు సోఫాలన్నీ ఖాళీ. ఎనిమిదింటికి అతిథులు వచ్చారు, జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పించుకున్నారు, ఉపన్యాసాలు ఇచ్చారు, తెర లేచీ లేవకముందే లేచి వెళ్లిపోయారు. నటులు రాత్రంతా ఖాళీ సోఫాలకి పద్యాలు పాడారు. జనాన్ని ముందుకు రమ్మనండి అని వాలంటీరుని అడిగితే, సార్లు మళ్లీ రావచ్చు అన్నాడు. ఏ సారూ రాలేదు.

అలాంటి చోట వన్స్‌మోర్ వినపడదు. ఊరికే వచ్చినవాడికి మళ్లీ పాడమని అడిగే నోరు రాదు, బాగా లేకపోతే గొణిగే నోరూ రాదు. చప్పట్లు మాత్రం అందరికీ సమానంగా కొడతాడు. ఏ పద్యం పండిందో, ఏది తేలిపోయిందో నటుడికి తెలిసే దారి మూసుకుపోయింది.

దీనికి మా ఊళ్లోనే ఒక మినహాయింపు ఉంది, దేవీచౌక్. దసరా నవరాత్రులకి అక్కడ ఏళ్ల తరబడి రాత్రిళ్లు నాటకాలు ఆడుతున్నారు. టిక్కెట్టు లేదు, పాసూ లేదు. రోడ్డే ప్రేక్షకశాల. పొద్దు వాలకముందే చాపలూ, దుప్పట్లూ, గోనెపట్టాలూ పరిచి జాగా పట్టుకుంటారు. చాప మీద చెప్పు పెట్టి వెళితే అది రిజిస్ట్రీ అయినట్టే, ఎవరూ జరపరు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లకి రాత్రి బస్సులు ఉండవు, తెల్లారి మొదటి బస్సు దాకా ఎలాగూ ఉండాలి. అందుకే నాటకం తెల్లవార్లూ సాగినా విసుక్కోరు, ముందే ముగిస్తే విసుక్కుంటారు. ఒక ఏడు అక్కడ రామాంజనేయ యుద్ధం చూస్తూంటే నా పక్కన ఒక పెద్దావిడ పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆంజనేయుడు పద్యంలో ఒక పాదం మింగేశాడు. ఆవిడ ఆ పాదం తనే అందుకుని పూర్తి చేసి, "ఇది వదిలేశావేం బాబూ" అని గట్టిగా అడిగింది. అతను దణ్ణం పెట్టి పద్యం మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

డబ్బిచ్చి కొనుక్కున్న వరస న్యాయం, ముందొచ్చి చాప వేసుకున్న వరస న్యాయం. ఫోను కొట్టి సంపాదించిన వరస ఒక్కటే అన్యాయం. నాటకాలు పెట్టే పెద్దలకి మా బోటి వాళ్ల మనవి ఇది. టిక్కెట్టు పెట్టండి, యాభై అయినా సరే, వంద అయినా సరే, నంబరు వేసి అమ్మండి. పెట్టలేకపోతే తాళ్లు విప్పేయండి, ముందొచ్చినవాణ్ణి ముందు కూర్చోనివ్వండి. అతిథులకి నాలుగు కుర్చీలు చాలు, అవి కూడా తెర లేచిన పది నిమిషాలకి ఖాళీగా ఉంటే నిలబడ్డవాళ్లకి ఇచ్చేయండి.