పాట ముగిసిన తరువాత: 1864 రెవెన్యూ వసూలు చట్టంలో కొనుగోలుదారు, బాకీదారు

ప్రవేశిక

శిస్తు బాకీకి భూములు వేలం వేయడాన్ని ఆర్థిక చరిత్ర రచనలు తరచూ ప్రస్తావిస్తాయి. పాట ముగిసిన తరువాత ఏం జరుగుతుందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1864లో వచ్చిన రెవెన్యూ వసూలు చట్టం దీనికి వివరంగా సమాధానమిస్తుంది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు నాడు ఆ ప్రెసిడెన్సీలోనివే. కొనుగోలుదారు హక్కు ఆ చట్టం కింద దశలవారీగా ఎలా ఏర్పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముప్పై రోజుల గడువు

పాట ఖాయమైన వెంటనే కొనుగోలుదారు ధరలో 15 శాతం ధరావతు కట్టాలి. మిగతా సొమ్ము 30 రోజుల్లో చెల్లించాలి. చెల్లించకపోతే ధరావతు పోతుంది; భూమిని మళ్లీ వేలం వేస్తారు, ఆ ఖర్చూ నష్టమూ అతడివే. అదే 30 రోజులు బాకీదారుకు చివరి అవకాశం. వేలంలో అక్రమం, పొరపాటు లేదా మోసం జరిగి తనకు గణనీయమైన నష్టం కలిగిందని అతడు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. తరువాత చేర్చిన 37-ఎ సెక్షను మరో దారి చూపింది: బాకీతోపాటు, కొనుగోలుదారుకు పరిహారంగా ధరలో 5 శాతం జమచేస్తే వేలం రద్దవుతుంది. కాబట్టి సొమ్మంతా కట్టినవాడు సైతం ఆ గడువు దాటేదాకా యజమాని కాడు.

ధ్రువపత్రం, స్వాధీనం

గడువు తరువాత కలెక్టరు వేలాన్ని ఖాయపరచి ధ్రువపత్రం ఇస్తాడు. కొనుగోలు జరిగిందనడానికి న్యాయస్థానాల్లో అదే తిరుగులేని సాక్ష్యం. భూమి రుణభారాలన్నిటి నుండి విముక్తమై కొత్త యజమానికి సంక్రమిస్తుంది. దాన్ని తనఖా పట్టినవాడు ఆ హామీని కోల్పోతాడు. బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము, కోర్టు నిషేధం లేకపోతే, బాకీదారుకు చెందుతుంది. అయితే పత్రం చేతికి వచ్చినంత మాత్రాన భూమి చేతికి రాదు. పాత యజమాని అడ్డుపడితే ధ్రువపత్రం చూపి కోర్టు ద్వారా స్వాధీనం పొందవలసిందే.

ఈ ప్రక్రియ పదజాలం కూడా గమనార్హం. 'వేలం' పోర్చుగీసు నుండి, 'జప్తు', 'దఖలు' అరబీ మూలం నుండి తెలుగులోకి వచ్చాయి. ఒక్కో పాలనతో పరిచయం ఒక్కో మాటను మిగిల్చింది.

ముగింపు

ఈ చట్టానికి ముందే, 1840ల దశకంలో, గుంటూరు జమీందారీలు బాకీల కింద ప్రభుత్వపరమయ్యాయి. బాకీ రావలసినదీ, భూమి దక్కించుకున్నదీ ఒకే ప్రభుత్వం. రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే స్థితికి వచ్చారు. ఆ అనుభవం పక్కన పెట్టి చూస్తే 1864 చట్టం ఇచ్చిన గడువు విలువ తెలుస్తుంది. దాని పరిమితీ తెలుస్తుంది. వేలంపై అర్జీ వినేది వేలం వేయించిన కలెక్టరే. సవరణలతో ఆ చట్టం నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉంది. కనుక ఇది గతానికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు.