రాయి మారిందా, చూపు మారిందా?



పోయిన వారం మన గ్రూపులో జరిగిన రచ్చ అందరూ చూసినారు. మన అక్క ఒకామె వాళ్ళమ్మ ఉంగరాన్ని కొత్త మోస్తరుగా కట్టించమని ఒక అంగడిలో ఇచ్చింది. తిరిగి వచ్చిన ఉంగరంలో ఉన్న వైరం తనది కాదంటుంది. అంగడాయన కూడా మన సంఘం మనిషే. రాత్రి పది గంటలకు ఒకరు ఆయన ఫోటో, అంగడి పేరు వేసి దొంగ అని రాసినారు. అర్ధగంటలో తీసేసినారు కానీ చూడవలసినవాళ్ళంతా చూసేసినారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర చెప్తాను. ముందు కొంచెం చరిత్ర. నా రాత పొడుగని కొందరికి కోపం ఉంది, తెలుసు. ఈసారికి ఓర్చుకోండి.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నవి, కాబట్టి తప్పులుంటే దిద్దుకోండి. బడిలో మాకు శిలప్పదికారం పాఠం ఉండేది. మీలో చాలామందికి తెలిసిన కథే. కోవలన్ పెళ్ళాం కాలి అందెను అమ్ముకోవడానికి మదురైకి పోతాడు. అక్కడి కంసాలి అంతకుముందే రాణి అందెను దొంగిలించి ఉన్నాడు. దొంగ దొరికినాడని రాజు దగ్గర చెప్తాడు. రాజు విచారించలేదు. కోవలన్ ప్రాణం పోయింది. తరువాత కణ్ణగి రెండో అందె పట్టుకొని సభకు వస్తుంది. రాణి అందెలో ఉన్నవి ముత్యాలు, తన అందెలో ఉన్నవి మాణిక్యాలు. అందె పగలగొడితే మాణిక్యం ఎగిరి రాజు ముఖం మీద పడింది.

మా తమిళ అయ్య ఈ పాఠం చెప్పేటప్పుడు కణ్ణగి పాతివ్రత్యం మీదే గంటసేపు మాట్లాడేవారు. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే తోస్తుంది. లోపల ఏముందో చూడటానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం మనిషి చచ్చినాక వచ్చింది.

కంసాలి మీద అనుమానం ఎంత పాతదంటే, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. త్రాసులో మోసం, కొంచెం తీసేయడం, ఒకటి పెట్టి ఇంకొకటి లాగడం, రేకు చుట్టి లోపల వేరేది పెట్టడం, ఇలా దొంగతనాల్లో రకాలు వరసగా రాసినాడు. ఏ తూకంతో, ఏ వన్నెతో తీసుకున్నారో అదే తూకం, అదే వన్నెతో తిరిగి ఇవ్వాలని కూడా రాసినాడు.

ఇక మన తెలుగు నేల రాళ్ళ సంగతికి వస్తాను. ప్రపంచంలో రాయి చెక్కడానికి ఇచ్చి గొల్లుమన్న అతి పెద్ద కథ మన కొల్లూరు రాయిదే.

కొల్లూరు కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో ఉండేది. ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద. టవెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చి, గనిలో ఆడ, మగ, పిల్లలు కలిపి దగ్గర దగ్గర 60,000 మంది పని చేస్తున్నారని రాసినాడు. బేరం అంతా నోరు విప్పకుండా జరిగేదట. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని, నడుముగుడ్డ కింద చేతులు పట్టుకొని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకొనేవాళ్ళు. కూలివాడు ఒకడు కంటి మూలలో రాయి దాచుకొని దొరికిపోయిన సంగతి కూడా రాసినాడు. ఆ కాలంలో రాళ్ళు తూచిన బరువు పేరు మన ఇళ్ళలో ఇంకా ఉంది. తెలుగులో మంజాళి, తమిళంలో మంజాడి, అదే మన పిల్లలు ఆడుకొనే ఎర్ర గింజ. తెల్లవాళ్ళు దాన్ని మాంజెలిన్ అని రాసుకున్నారు. ఇందులో తమాషా ఏమంటే, గని దగ్గరి మంజాళి బరువు ఒకటి, గోల్కొండ పట్నంలో మంజాళి బరువు ఇంకొకటి. పేరు అదే. ఇక తగాదాలు రాకుండా ఎట్లా ఉంటాయి?

ఆ కొల్లూరు గనిలో దొరికిన ఒక పెద్ద రాయి గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ఆయన మొఘలుల పక్షం చేరినప్పుడు దాన్ని షాజహానుకు కానుకగా ఇచ్చినాడు. అప్పుడు దాని బరువు 900 రత్తులు, టవెర్నియర్ లెక్కలో 787½ క్యారెట్లు. దాన్ని చెక్కే పని హోర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ మనిషికి అప్పజెప్పినారు. రాయిలో అక్కడక్కడ మచ్చలు, పగుళ్ళు ఉన్నాయి. ముక్కలుగా చీల్చి తీయవలసినదాన్ని ఆయన మొత్తం అరగదీసినాడు. పని ముగిసేసరికి 319½ రత్తులు మిగిలింది, అంటే 280 క్యారెట్లు. మూడింట రెండు వంతులు దుమ్మయిపోయింది.

చక్రవర్తి కూలి ఇవ్వలేదు సరికదా 10,000 రూపాయలు జుర్మానా వేసినాడు. వాడి దగ్గర ఇంకా ఉండి ఉంటే ఇంకా గుంజేవాడని టవెర్నియర్ రాస్తాడు. ఆ తరువాత ఆయనే ఇంకొక మాట అంటాడు, అది చదివి నేను గట్టిగా నవ్వినాను. ఆ బోర్జియోకు పని సరిగ్గా వచ్చి ఉంటే, రాజుకు నష్టం లేకుండానే ఒక పెద్ద ముక్క తాను ఉంచుకొని ఉండేవాడట, అరగదీసే కష్టం కూడా తప్పేదట! అంటే వ్యాపారి కంట్లో వాడు దొంగ కాడు, పని రాని వాడు. నష్టపోయినవాడికి మాత్రం ఈ రెంటికీ తేడా కనపడదు. పోయింది పోయినట్టే కదా.

టవెర్నియర్ ఆ రాయిని కళ్ళారా చూసింది 1665 నవంబరు 2న, ఔరంగజేబు కాలంలో. ఆ చూపించిన పద్ధతి మాత్రం నా బోటి గుమాస్తాకు ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. నగల ఖజానా అధికారి ఆకిల్ ఖాన్ ఉత్తరువు ఇచ్చినాడు. రెండు పెద్ద చెక్క పళ్ళేల్లో నగలు తెచ్చినారు, వాటి మీద మఖమలు గుడ్డలు. గుడ్డ తీసినాక ఒక్కొక్కటీ మూడుసార్లు లెక్కపెట్టినారు. ముగ్గురు రాతగాళ్ళు పట్టిక రాసినారు. ఆ తరువాతే రాయి అతిథి చేతికి వచ్చింది. ఢిల్లీ చక్రవర్తి ఇంట్లో, చక్రవర్తి మనుషుల మధ్య, ఒక్క విదేశీ వ్యాపారికి చూపించడానికి మూడు లెక్కలు, ముగ్గురు గుమాస్తాలు! మనం పదివేలో లక్షో చేసే సొమ్మును ఒక చీటీ కూడా తీసుకోకుండా ఇచ్చి వస్తాము. అడిగితే అవమానపరిచినట్టు అనుకుంటారని మొహమాటం.

ఆ రాయి ఇప్పుడెక్కడుందని అడుగుతారు. మాస్కో క్రెమ్లిన్‌లో ఉన్న ఓర్లోవ్ వజ్రమే అదని చాలామంది పండితుల అభిప్రాయం. కాదనేవాళ్ళూ ఉన్నారు. అరగదీసి ఆకారం మారిపోతే రాయి తన ఊరు చెప్పదు.

కోహినూరు కథ ఇంకా దగ్గరిది. 1849లో పంజాబు పోయినప్పుడు ఆ రాయీ పోయింది. 1851లో లండన్ పెద్ద ప్రదర్శనలో పెట్టినారు. జనం విరగబడి చూసి పెదవి విరిచినారు, గాజుముక్కలా ఉందని. మన దేశపు చెక్కుడు బరువు దక్కించుకోవడానికి, వాళ్ళ కన్ను అలవాటు పడింది మెరుపుకు. మరుసటి ఏడు హాలండ్ నుంచి కోస్టర్ కంపెనీ పనివాళ్ళను పిలిపించి, ఆవిరి యంత్రం పెట్టి, 38 రోజులు చెక్కించినారు. 8,000 పౌండ్లు ఖర్చు. 186 క్యారెట్ల రాయి 105.6 అయింది. ఇక్కడొక చిన్న సంగతి. ఆ 186 పాత క్యారెట్లు. క్యారెట్టు అంటే 0.2 గ్రాము అని అందరూ ఒప్పుకున్నది 1907లోనే. అంతకుముందు ఒక్కో ఊళ్ళో ఒక్కో క్యారెట్టు, మన మంజాళి లాగే. ఇప్పటి లెక్కలో ఆ పాత బరువు 191. కాబట్టి తాత కాలం చీటీలో ఉన్న తూకానికీ నేటి కంప్యూటరు త్రాసు చూపే తూకానికీ కొంచెం తేడా వస్తే వెంటనే గొంతు పట్టుకోకూడదు.

1854లో బకింగ్‌హామ్ కోటలో విక్టోరియా రాణి ఆ రాయిని దులీప్ సింగుకు చూపించింది. ఆ పిల్లవాడు లాహోరు గద్దె మీద ఉన్నప్పుడు చేతికి కట్టుకున్న రాయే. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుగులో చాలాసేపు తిప్పి తిప్పి చూసినాడట. అప్పుడు ఆయనకు పదిహేను పదహారేళ్ళు. తనదే, కానీ తనకు తెలిసిన రాయి కాదు. మన అక్క ఆ ఉంగరం అంగట్లో దీపం కింద తిప్పి చూసింది అని విన్నప్పుడు నాకు ఈ పిల్లవాడే గుర్తుకొచ్చినాడు.

హైదరాబాదు జాకబ్ వజ్రం గురించి కూడా రాయమని ఒకరు అడిగినారు. 1891 కలకత్తా కేసు అది. అక్కడ రాయి మారలేదు, 23 లక్షల అడ్వాన్సు మీద తగాదా. జాకబ్ కేసు గెలిచినాడు, వ్యాపారం మునిగిపోయింది. నిజాం దగ్గర రాయి మిగిలింది, ఆయన దాన్ని చెప్పులో దాచిపెట్టినాడని కథ. దాని గురించి ఇంకొకసారి.

ఇప్పుడు మన సంగతి. పాతకాలపు కమ్మలు, బేసర్లు, ఉంగరాలు వెనక మూసి కట్టేవాళ్ళు. రాయి కింద మెరుపు రేకు పెట్టి, చుట్టూ బంగారం నొక్కేవాళ్ళు. రేకు రంగు, మెరుపు రాయిలోంచి కనిపించి రాయి తెల్లగా, పెద్దగా తోస్తుంది. ఇప్పటి ఉంగరంలో వెనక తెరిచి, నాలుగు పళ్ళతో పట్టిస్తారు. రేకు పోయింది, బంగారు గట్టు పోయింది. అదే రాయి కొంచెం పసుపుగా, చిన్నగా, వేరే ఇంటి రాయిలాగా కనపడుతుంది. దాని ఎదుటిది కూడా నిజమే. మార్చేవాడికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ఈ రెండిట్లో ఏది జరిగిందో కంటితో చూసి చెప్పగలిగినవాడు మన గ్రూపులో లేడు, నేనూ లేను.

హాల్‌మార్క్ ఉంది కదా అని ఒకరు రాసినారు. హాల్‌మార్క్, ఆ ఆరు అక్షరాల నంబరు, అవి బంగారం వన్నెకు మాత్రమే. రాయికి సంబంధం లేదు. అంగట్లో ముల్లు ఆనించి చూసే టెస్టర్ గాజును పట్టుకుంటుంది. ల్యాబులో చేసిన వజ్రాన్ని పట్టుకోదు, ఎందుకంటే అదీ వజ్రమే. దానికి ల్యాబుకే పోవాలి. పాతకాలం చెక్కుడు వేరు, ఈ కాలపు మిషను చెక్కుడు వేరు. చూడగలిగినవాడు లెన్స్ పెట్టి చూస్తే, ఇది అవ్వ కాలపు రాయా, పోయిన ఏడాది రాయా అన్నది చాలావరకు చెప్పేస్తాడు. ఆ అక్క రాయికి ఇదొక్కటి చేస్తే సగం గొడవ తేలిపోతుంది.

నేను 34 ఏళ్ళు రైల్వేలో గుమాస్తాగా, చాలాకాలం పార్సెల్ ఆఫీసులో ఉన్నాను. మా రసీదు మీద ఒక మాట ఉంటుంది, సెడ్ టు కంటైన్ అని. లోపల ఫలానాది ఉందని ఇచ్చినవాడు చెప్తున్నాడు, మేము చూడలేదు అని దాని అర్థం. నగలో రత్నాలో పంపితే విలువ రాసి ఇచ్చి, దానికి వేరే ఛార్జీ కట్టాలి. రాయకపోతే పోయినాక లక్ష అని చెప్పినా పూర్తిగా చెల్లదు. జనం కౌంటరు దగ్గర మమ్మల్ని ఎంత తిట్టుకొనేవాళ్ళో! మా ఇంట్లోనే ఆ రసీదు లేక జరిగిన నష్టం మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

1974లో మా అక్క పెళ్ళికి, మా అమ్మ తన బేసరిలోని వైరం తీయించి అల్లుడికి ఉంగరం చేయమని ఇక్కడి ఒక ఆచారికి ఇచ్చింది. ఆ బేసరి మా అవ్వది. ఉంగరం వచ్చినప్పుడు అమ్మ దాన్ని చూసి, ఇది మా అమ్మ రాయి కాదు అన్నది. ఆచారి కర్పూరం వెలిగించి, ఆర్పి ప్రమాణం చేసినాడు. అమ్మ నమ్మలేదు. వీధిలో నిలబడి మన్ను ఎత్తి పోసింది. నాకు 16 ఏళ్ళు, పక్కన నిలబడి నేనూ నాలుగు మాటలు అన్నాను. ఆయన వయసుకు అనకూడని మాటలు. మన ఇళ్ళ పని ఆయనకు ఆగిపోయింది. రెండేళ్ళకు పట్టడ మూసినాడు.

అమ్మ 2009లో పోయింది. 2011లో మా మేనకోడలు ఆ ఉంగరాన్ని బెంగళూరు ల్యాబులో చూపించింది. నిజమైన వజ్రం, పాత చెక్కుడు, కొంచెం పసుపు వన్నె అని కాగితం ఇచ్చినారు. ఆయన మార్చలేదని దీంతో రుజువు అవుతుందా? కాదు. పెద్దది తీసి చిన్నది పెట్టి ఉండవచ్చు. అవ్వ రాయి ఎంత ఉండిందంటే, పెసర గింజంత అని అమ్మ చెప్పేది. అంతే మా దగ్గర ఉన్న రికార్డు. తూకం లేదు, చీటీ లేదు, దగ్గరగా తీసిన ఒక ఫోటో లేదు. ఆయన కొడుకు ఇప్పుడు అదే వీధిలో వెండి అంగడి పెట్టుకున్నాడు. నన్ను చూస్తే నమస్కారం పెడతాడు. నేను ఇప్పటికీ ఆ వీధిలో ఎదుటి పక్కన నడుస్తాను.

ఆదివారం పది గంటలకు సంఘం ఆఫీసులో కూర్చుంటున్నాము. అక్క పాత పెళ్ళి ఫోటో, కొన్నప్పటి బిల్లు ఉంటే అదీ తెస్తానంది. అంగడాయన తన పని పుస్తకం తెస్తానన్నాడు. ఉంగరాన్ని ల్యాబుకు పంపే ఖర్చు సంఘం పెట్టుకోవాలని నా మాట. కాగితం వచ్చేవరకు గ్రూపులో దాని గురించి ఎవరూ రాయవద్దని అడ్మిన్ తమ్ముడికి చెప్పినాను.